ఇస్త్రీ చేసిన ఉత్తరం

ఫిబ్రవరి 3, సోమవారం

సాయంత్రం ఆరు గంటలకు మా భోజనాల బల్ల దగ్గర అఖిలపక్ష సమావేశం జరిగింది. ఎజెండాలో ఒకటే అంశం. పదో తరగతి పూర్తి చేస్తున్న మా చెల్లెలు వచ్చే ఏడాదంతా పరాయి దేశపు హైస్కూల్లో చదవడానికి ఏ ప్రోగ్రాంలో వెళ్లాలి? వెళ్లాలా వద్దా అన్నది ఎజెండాలో లేదు. వెళ్తానని అది నెలక్రితమే చెప్పేసింది, ఆ తర్వాత ఆ విషయం మీద మళ్లీ నోరు విప్పలేదు.

దాన్ని ఇంట్లో జడ్జిగారు అంటాం. ఎవరేం చెప్పినా తల ఎడమకు తిప్పి, కుడి చెవి ముందుకు పెట్టి, చివరిదాకా విని, ఒక్క ముక్కలో తీర్పు చెబుతుంది. భావి చరిత్రకారుల సౌకర్యార్థం: దాని ఎడమ చెవి పుట్టినప్పటినుంచీ పనిచేయదు. ఉన్న ఒక్క చెవితోనే మా ముగ్గురికంటే ఎక్కువ వింటుంది.

నేను విదేశీ చదువుల కన్సల్టెన్సీలో పనిచేస్తాను కాబట్టి నిపుణురాలి హోదాలో మాట్లాడాను. బోర్డింగ్ స్కూలంటే హాస్టలు, వార్డెన్, గంట. ప్రైవేటు స్కూలంటే బడి మనమే ఎంచుకోవచ్చు, ఉండడానికి అద్దె గది చూసిపెడతారు. మా డైరెక్టర్ గారికి అదంటే ప్రాణం, ఎందుకో అడగకూడదు. మూడోది ఎక్స్‌ఛేంజ్. అందులో ఊరు మన చేతిలో ఉండదు, బడి మన చేతిలో ఉండదు. మన ఫైలు, మనం రాసిన ఉత్తరం అక్కడి కుటుంబాలు చూసే ఒక బోర్డులో పెడతారు. ఏదో ఒక కుటుంబం అది చదివి, ఈ పిల్ల మా ఇంట్లో ఉండొచ్చు అనుకుంటే పిలుస్తుంది. అనుకోకపోతే లేదు.

"హాస్టలే," అంది అమ్మ. ప్రాథమిక పాఠశాలలో లెక్కల టీచరు, సమాధానం ముందు రాసి తర్వాత లెక్క చేస్తుంది. "నర్సు ఉంటుంది. దీని చెవి సంగతి చెబితే ముందు బెంచీలో కూర్చోబెడతారు. గంట కొడితే లేస్తుంది."

"లేవడానికి అదేమన్నా ఫైరింజనా," అన్నాను.

"నువ్వుండవే. ఏమండీ, మీరు చెప్పండి."

"చూద్దాం," అన్నాడు నాన్న. కళ్లద్దాల షాపు నడిపే మనిషి ఇంతకంటే ఏమంటాడు.

జడ్జిగారు అంతా విని తల తిన్నగా చేసుకుంది. "ఎక్స్‌ఛేంజ్," అని లేచి పళ్లెం కడుక్కుంది.

అమ్మ నావైపు చూసింది. "నీకప్పుడు రాలేదు కదే. మళ్లీ అదే ప్రోగ్రామా?"

నా ఫైలు సంగతి ఇక్కడ అప్రస్తుతం.

ఫిబ్రవరి 6

అప్రస్తుతం అని మరోసారి నమోదు చేస్తున్నాను.

ఫిబ్రవరి 11, మంగళవారం

ఆఫీసులో నా అధికారిక పదవి జూనియర్ కౌన్సెలర్. అసలు పదవి ఇస్త్రీ శాఖాధిపతి. పిల్లలు రాసుకొచ్చిన ఉత్తరాలు నలిగిపోయి ఉంటాయి. "నాకు పొద్దున్నే లేవడం రాదు", "మా తమ్ముడంటే నాకు పడదు" లాంటి మడతలన్నీ నేను సరిచేస్తాను. దీన్ని ఇస్త్రీ అంటాం. డైరెక్టర్ గారు తన గదిలోంచి తల బయటికి పెట్టి "ఇస్త్రీ అయిందా అమ్మా?" అంటారు. "వేడిగా ఉంది సార్, ఇప్పుడే ఇస్తాను" అంటాను. పోయిన ఏడాది నా చేతిమీదుగా వెళ్లిన పదకొండుమందికీ కుటుంబాలు దొరికాయి. పదకొండుకి పదకొండు. అందులో కుక్కలంటే భయపడే పిల్లాడు ఒకడు ఇప్పుడు మూడు కుక్కల ఇంట్లో సంతోషంగా ఉన్నాడు. సంతోషంగానే ఉన్నాడని నా నమ్మకం. ఫోన్ చేసి అడగలేదు.

చెల్లెలు ఇవాళ కవరు తెచ్చిచ్చింది. అంటించి ఉంది.

"ఇది ఇలాగే పంపు అక్కా."

"ఒక్కసారి చూసి..."

"ఇలాగే."

"సరే," అన్నాను.

ఫిబ్రవరి 12

చూశాను.

ఆ ఉత్తరం ఆరు వాక్యాలు. నేను ఇంతవరకూ చదివిన ఉత్తరాల్లో ఇంత దారుణమైనది ఇంకోటి లేదు, ఒక్కటి తప్ప. అది కూడా ఇక్కడ అప్రస్తుతం.

ఫిబ్రవరి 15, శనివారం

ఇస్త్రీ చేశాను. నిపుణురాలిని. ఒక సర్జన్ సొంత చెల్లెలికి ఆపరేషన్ చేయడానికి వెనుకాడొచ్చు, నేను అంత పిరికిదాన్ని కాదు. దీనికి సంగీతమంటే ప్రాణమని, ఏ ఇంట్లోనైనా పాటలో గొంతు కలుపుతుందని, కబుర్లంటే ఇష్టమని రాశాను. ఫారంలో ఆరోగ్యం కాలమ్‌లో "సమస్యలు: లేవు" అని పెట్టాను. ఒక చెవి పనిచేస్తోంది కదా, ఆ చెవికి నిజంగానే ఏ సమస్యా లేదు. చెవి డాక్టరు రిపోర్టు ఫైల్లో కాస్త వెనక్కి పెట్టాను. వెనక్కి అంటే నా సొరుగులోకి.

నాకేం బాధ లేదు. ఎవరైనా వచ్చి అడిగితే ఇదే చెబుతాను.

ఫిబ్రవరి 18

మూడు రోజులు. మూడే మూడు రోజుల్లో కుటుంబం దొరికింది! ఆఫీసు చరిత్రలో రికార్డు. సంగీతం మాస్టారు, ఆయన భార్య. ఇద్దరూ రిటైరయ్యారు, ఇంట్లో పియానో ఉంది. డైరెక్టర్ గారు నా భుజం తట్టి, "నీ చేతిలో ఏదో ఉందమ్మా," అన్నారు.

ఉంది సార్. ఇస్త్రీపెట్టె.

అమ్మ హాస్టలు మాట మానేసి సూట్‌కేసు కొలతలు అడిగింది. నాన్న "చూద్దాం" అనలేదు, "మంచిది" అన్నాడు. చెల్లెలు నా గదిలోకి వచ్చింది.

"నా ఉత్తరం చదివే పిలిచారా?"

"మరి దేన్ని చదివి పిలుస్తారు?"

అది నవ్వింది. ఎప్పుడోగాని నవ్వదు. ఆ నవ్వు చూశాక నేను గెలిచానని అనుకున్నాను. ఇంకా అనుకుంటున్నాను.

ఫిబ్రవరి 22, శనివారం

పొద్దున తొమ్మిదింటికి వీడియో కాల్. బల్లమీద ల్యాప్‌టాప్, దాని ముందు చెల్లెలు, వెనక మేం ముగ్గురం గ్రూపు ఫోటోకి నిలబడినట్టు.

మంచివాళ్లు. ముందు అది రాయాలి. ఆవిడ కళ్లజోడు తాడుకి కట్టుకుని ఉంది. ఆయన ఆవిడ వెనకనుంచి చెయ్యి ఊపాడు. ఏడాదికి సరిపడా ప్లాను వేసుకున్నారు. ఆదివారాలు వాళ్ల పాటల బృందంలో చెల్లెలికి స్థానం ఉంచారట, రెండో వరసలో ఎడమ చివర. అక్కడ నిలబడితే బృందమంతా కుడివైపు ఉంటుంది, వినపడుతుంది కదా అని నేను లోపల లెక్కలు వేస్తున్నాను. అంతలో ఆవిడ ఒక కాగితం తీసి, "నీ ఉత్తరంలో మాకు బాగా నచ్చిన వాక్యం ఇది," అని చదవడం మొదలుపెట్టింది.

"మా ఇంట్లో నిశ్శబ్దంగా ఉండే గంట ఒక్కటి కూడా లేదు. మీ ఇంట్లో కూడా ఉండనివ్వను."

బాగా రాశాను కదా. ఆ వాక్యం మీద అరగంట కూర్చున్నాను.

చెల్లెలు తల ఎడమకు తిప్పుకుని చివరిదాకా విన్నది. తర్వాత తల తిన్నగా చేసుకుంది. ఏం జరగబోతోందో నాకప్పుడే తెలిసిపోయింది. వాళ్ల భాషలో, ఒక్కొక్క మాటా విడిగా పెడుతూ చెప్పింది.

"క్షమించండి. అది నా ఉత్తరం కాదు, మా అక్క రాసింది. నేను పాడను. నాకు ఎడమ చెవి వినపడదు. అది నా ఉత్తరంలో ఉంది."

ఆవిడ చేతిలో కాగితం అలాగే ఉంది. ఆయన ఏదో అడిగాడు, చిన్న గొంతుతో. చెల్లెలు, "మళ్లీ చెప్పండి, కొంచెం గట్టిగా," అంది.

కాల్ అయ్యాక అమ్మ, "ఏంటే ఇది?" అంది. ఎవర్ని అడిగిందో తెలియదు.

ఫిబ్రవరి 23

నేను చేసింది తప్పు కాదు. మళ్లీ అవసరమైతే మళ్లీ చేస్తాను. నిజం చెప్పినవాళ్లకి ఏం దొరుకుతుందో ఈ ఇంట్లో నాకంటే ఎవరికి తెలుసు?

ఫిబ్రవరి 24

బల్ల దగ్గర కుర్చీ మార్చింది. ఇరవై రెండేళ్లుగా నేను కూర్చున్న చోటికి ఇప్పుడు దాని ఎడమ పక్క వచ్చింది. నేను ఎంత మాట్లాడినా దానికి గోడతో మాట్లాడినట్టే. జోకు వేశాను. ఉప్పు అందించమని అడిగాను. వాతావరణం మీద ఉపన్యసించాను. అది హాయిగా తింటోంది. నాన్న ఉప్పు అందించాడు.

ఇంత పకడ్బందీగా ఎవరినీ ఎవరూ శిక్షించి ఉండరు. వృత్తిపరంగా మెచ్చుకోకుండా ఉండలేకపోతున్నాను.

ఫిబ్రవరి 26, బుధవారం

డైరెక్టర్ గారు పిలిచారు.

"చూడమ్మా, ఏం కాలేదు. పిల్ల కంగారులో ఏదో అనేసిందని ఒక మెయిలు కొట్టు. పరాయి భాష కదా, తడబడింది అను. మీ చెల్లెలితో ఇంకో కాల్ పెట్టించి, రెండు పాటలు నేర్పు."

"దానికి చెవి వినపడదు సార్."

"ఒకటేగా?"

నేను చెప్పిన మాటే. ఇంచుమించు అక్షరాలా నేను ఫారం నింపుతూ అనుకున్న మాటే. ఆయన నోట్లోంచి వింటే ఎంత చండాలంగా ఉందో.

ఆలోచించి చెబుతానన్నాను.

ఫిబ్రవరి 27

సాయంత్రం నాన్న షాపుకి వెళ్లాను. నన్ను తిడతాడని వెళ్లాను. తిట్టలేదు. లెన్సు అంచు అరగదీస్తూ ఉన్నాడు.

"పొద్దున ఒకాయన వచ్చాడు. చార్టు చివరి వరసదాకా గడగడా చదివాడు," అన్నాడు.

"మంచి కళ్లు."

"కాదు. ముందు వచ్చినవాళ్లు చదువుతుంటే వెనక బెంచీ మీద కూర్చుని బట్టీ పట్టాడు. ఉద్యోగానికి సర్టిఫికెట్ కావాలట. చార్టు తిప్పి రెండోవైపు పెడితే రెండో వరస దగ్గరే ఆగిపోయాడు. ఇలాంటివాళ్లు నెలకి ఒకరైనా వస్తారు."

"తిట్టారా?"

"ఎందుకు తిడతాను? అద్దాలు చేసిచ్చాను. ఆ బట్టీతోనే గట్టెక్కి వెళ్లిపోయి ఉంటే ఇవ్వలేకపోయేవాణ్ణి, అంతే." ఊది, గుడ్డతో తుడిచి, వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. "ఆకలేస్తోందా? పద."



మార్చి 1, శనివారం

ఇవాళ జరిగినవి క్రమంలో రాస్తాను, రేపు నేనే నమ్మకపోవచ్చు.

పొద్దున ఆఫీసుకి అందరికంటే ముందు వెళ్లాను. సంగీతం మాస్టారి ఇంటికి మెయిలు రాశాను. ఉత్తరం నేను రాశానని, ఆరోగ్యం కాలమ్‌లో అబద్ధం నేను పెట్టానని, మా చెల్లెలికి తెలియదని. ఇస్త్రీ చేయలేదు. రెండు తప్పులున్నాయని పంపాక చూశాను. ఉండనీ. తర్వాత సొరుగులోంచి డాక్టరు రిపోర్టు తీశాను. ఫైల్లో నా ఉత్తరం తీసేసి దాని ఉత్తరం పెట్టాను. మొత్తం ఇది:

"నాకు పుట్టినప్పటినుంచి ఎడమ చెవి వినపడదు. జాలి వద్దు, కుడిపక్కనుంచి పిలిస్తే చాలు. నేను తక్కువ మాట్లాడతాను, కోపం వస్తే అసలు మాట్లాడను. పాత్రలు కడుగుతాను, పాటలు పాడను. మా ఇంట్లో అందరూ మంచివాళ్లు, కానీ నా బదులు వాళ్లే మాట్లాడేస్తారు. ఒక ఏడాది నా మాట నేనే చెప్పుకోవాలని వస్తున్నాను."

ప్రోగ్రాం వాళ్లకి పంపేశాను. బటన్ నొక్కాక డైరెక్టర్ గారు వచ్చారు. చదివారు.

"ఇది చదివి ఎవరు పిలుస్తారమ్మా?"

"తెలీదు సార్."

"మన ఆఫీసు పేరు మీద వెళ్లింది ఇది. మన సక్సెస్ రేటు ఏమైపోవాలి?"

"పదకొండుకి పదకొండు ఉంది కదా సార్. వాళ్లున్న ఇళ్లకి కూడా వాళ్ల చేతే మళ్లీ నిజం ఉత్తరాలు రాయిద్దామనుకుంటున్నాను. ఆ కుక్కల పిల్లాడితో మొదలుపెట్టి."

ఆయన నా కంప్యూటరు ఆపేశారు. తర్వాత మర్యాదగానే, "సోమవారం నుంచి రానక్కర్లేదు," అన్నారు. నేను కూడా మర్యాదగా నా కప్పు, నా కుర్చీ మీది దిండు తీసుకుని, లేని ఇస్త్రీపెట్టె ప్లగ్గు గోడలోంచి పీకినట్టు నటించి బయటికి వచ్చేశాను. రిసెప్షనిస్టు ఒక్కతే నవ్వింది. చాలు.

ఇస్త్రీ శాఖ రద్దయింది. శాఖాధిపతి నిరుద్యోగి. పశ్చాత్తాపం: లేదు. (ఈ కాలమ్ నిజంగానే ఖాళీ.)

మార్చి 2, ఆదివారం

చెల్లెలు నా గదికి వచ్చింది. మంచం మీద, తన కుడి చెవి నావైపు ఉండేలా కూర్చుంది.

"ఉద్యోగం పోయిందటగా."

"నేనే వదిలేశాను."

"నాన్న పోయిందన్నాడు."

"నాన్న చూసే కోణం వేరు."

అది కాసేపు దుప్పటి అంచు పీకింది. "అక్కా, నువ్వు పదో క్లాసులో ఉన్నప్పుడు పంపిన ఉత్తరంలో ఏం రాశావు?"

అప్రస్తుతం అనబోయాను. దాని తల అప్పటికే ఎడమకు తిరిగింది.

"నేను ఎక్కువ మాట్లాడతాననీ, నవ్వకూడని చోట జోకులేస్తాననీ. మా చెల్లెలితో రోజూ కొట్టుకుంటాననీ, అది లేకుండా ఎలా ఉంటానో తెలీదనీ."

"అంతేనా?"

"ఆ వేసవి అంతా ఫోను పక్కనే కూర్చున్నాను. స్నానానికి వెళ్తే నిన్ను కాపలా పెట్టేదాన్ని. నీకప్పుడు తొమ్మిదేళ్లు. ఫోను మోగితే నీకు వినపడుతుందో లేదోనని తలుపు తీసే ఉంచేదాన్ని. ఎవరూ ఫోను చేయలేదు. అందుకే నీకు అలా కాకూడదని..."

"నాకు తెలుసు."

"మరి?"

"ఇక్కడ నేను నోరు విప్పకముందే అందరికీ తెలిసిపోతుంది. అమ్మ బస్సు కండక్టర్‌కి కూడా చెబుతుంది, పాపం దీనికి ఎడమ చెవి అని. అక్కడ మొదటిసారి నేనే చెప్పాలనుకున్నాను. ముందు, నా అంతట నేను. అది కూడా నువ్వు లాక్కున్నావు."

ఏదో ఒక జోకు ఉండాలి ఇక్కడ. వెతికాను.

"సారీ," అన్నాను.

"ఊఁ," అంది. భోజనానికి కుర్చీలు యథాస్థానానికి వచ్చాయి.

మార్చి 5

సంగీతం మాస్టారి దంపతులు జవాబిచ్చారు. బాధపడ్డామన్నారు. తమ ఇల్లంతా పాటల మీదే నడుస్తుందని, అమ్మాయికి అది ఊపిరాడనట్టు ఉంటుందేమోనని, వేరే మంచి ఇల్లు దొరకాలని కోరుకుంటున్నామని రాశారు. తప్పు పట్టడానికి ఒక్క ముక్క లేదు. వెతికాను.

మార్చి 19

ఏమీ లేదు.

అమ్మ హాస్టలు ఫారాలు మళ్లీ తెచ్చి బల్లమీద పెట్టింది. ఎక్స్‌ఛేంజ్‌కి ఆఖరు తేదీ ఏప్రిల్ ముప్పై. ఆలోపు ఎవరూ పిలవకపోతే ఈ ఏడాదికి తలుపు మూసేస్తారు. హాస్టలు వాళ్లు మాత్రం ఎప్పుడైనా చేర్చుకుంటారు. చెల్లెలు ఫారాల మీద తన గ్లాసు పెట్టుకుంది.

మార్చి 28

ఏమీ లేదు. ఈ వాక్యంతో నాకు పాత పరిచయం.

ఏప్రిల్ 8, మంగళవారం

ఉత్తరంలో ఒకే ఒక్క మాట, "జాలి వద్దు" అన్నది, కొంచెం మెత్తగా...

అడిగాను. తప్పు అడగడంలో లేదు కదా.

"కామా కూడా ముట్టుకోకు," అంది జడ్జిగారు. "ఈ ఏడాది ఎవరూ పిలవకపోతే వచ్చే ఏడాది ఇదే ఉత్తరం పంపుతాను. ఆపై ఏడాది కూడా."

"ఆపై ఏడాదికి నీ వయసు దాటిపోతుందే."

"అప్పుడు వాళ్ల రూల్స్ గురించి ఇంకో ఉత్తరం రాస్తాను."

అమ్మ నవ్వు ఆపుకోవడానికి పరీక్ష పేపర్లు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఈ ఇంట్లో జోకులేసే నా పదవికి మెల్లమెల్లగా ఎసరు వస్తోందని నాకు అనుమానంగా ఉంది.

ఏప్రిల్ 17

ఏమీ లేదు. రెండు చోట్ల ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. "మీ బలహీనతలు" అన్న కాలమ్‌లో నిజం రాశాను. నాకు కూడా ఎవరూ ఫోన్ చేయలేదు. ఇప్పుడు ఇంట్లో ఇద్దరం ఎదురుచూస్తున్నాం, అదొక్కటే తేడా.

ఏప్రిల్ 24, గురువారం

వచ్చింది. ఒక కాల్. శనివారం పొద్దున.

చిన్న ఊరు. బడి కూడా చిన్నదే, చెల్లెలు కోరుకున్న సైన్సు ల్యాబు లేదు. ఆవిడ ఒక్కతే ఉంటుంది. సిటీ బస్సు డ్రైవరు. ఇంకేమీ తెలియదు. నేను ఏమీ కనుక్కోలేదు కూడా. కనుక్కోవాలని వేళ్లు దురద పెట్టాయి, చేతులు జేబులో పెట్టుకున్నాను.

ఏప్రిల్ 26, శనివారం

ఆవిడ యూనిఫాంలోనే ఉంది, డ్యూటీకి వెళ్లే ముందు కూర్చున్నట్టుంది. మొదటి మాటే, "నువ్వు పాటలు పాడనని రాశావు, నిజమేనా?" అంది.

"నిజమే."

"మంచిది. రోజంతా బస్సులో అందరి ఫోన్లలో పాటలే."

అమ్మ వెనకనుంచి వంగి, "దానికి ఎడమ..." అని మొదలుపెట్టింది. పెట్టి, ఆగింది. తన చెయ్యి తనే నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఆవిడకి అర్థమై ఉండదు. మాకు అయింది.

"నేను కూడా ముందే చెప్పేస్తాను," అంది డ్రైవరమ్మ. "నాకు వంట అంతంతమాత్రం. ఇల్లు డిపో వెనకే. తెల్లవారుజామున నాలుగున్నరకి ఇంజన్లు మొదలవుతాయి, నలభై బస్సులు. పోయినసారి వచ్చిన అమ్మాయి రెండు వారాల్లో నిద్రలేక వెళ్లిపోయింది. తర్వాత నన్ను అనుకోకూడదు."

జడ్జిగారు తల ఎడమకు తిప్పి విని, తిన్నగా చేసుకుంది.

"నేను కుడి చెవి దిండుకి ఆనించి పడుకుంటాను. మీ నలభై బస్సులూ ఎడమ చెవికి వదిలేస్తాను."

ఆవిడకి ఒక క్షణం పట్టింది. తర్వాత ఎంత నవ్విందంటే టోపీ తీసి కళ్లు తుడుచుకుంది. అమ్మ నవ్వింది. నాన్న లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు, బయట చూడడానికేం లేకపోయినా.

నేను నవ్వలేదు. ఇన్నేళ్లుగా దాని చెవి మీద ఈ ఇంట్లో ఎవరూ జోకు వేయలేదు. నేను కూడా. ఆ ఒక్కటి వదిలి మిగతా అన్నిటి మీదా వేశాను.

"అయితే రావాలనుందా మా ఇంటికి?" అని అడిగింది ఆవిడ.

నా నాలుక చివర "ఉంది, ఉంది, తప్పకుండా" అనే మాటలు వరసలో నిలబడ్డాయి. అమ్మ మోకాలు నా మోకాలికి తగిలింది. ఇద్దరం పళ్లు బిగబట్టుకుని కూర్చున్నాం.

చెల్లెలు ఒళ్లోంచి చిన్న నోటుపుస్తకం తీసి, పేజీ తిప్పి, పెన్ను మూత తీసింది.

"చెబుతాను. ముందు నేను మిమ్మల్ని అడగాల్సినవి తొమ్మిది ఉన్నాయి," అంది.